వస్తానంటే పోయినట్టే

మా లైన్ లీడరు లింగప్ప ఎంత అనుమానపు మనిషంటే, టీలో చక్కెర కాస్త ఎక్కువైతే క్యాంటీను వాడికి తనతో ఏదో పని పడిందని అనుకుంటాడు. మొన్న మొన్న చేరిన ఆడపిల్లలు కూడా అతని వెనక నవ్వుకుంటారు. వాళ్లకు తెలియదు గానీ, ఒకప్పుడు అంత గుడ్డిగా మనుషులను నమ్మేవాడు హోసూరు మొత్తం వెతికినా దొరికేవాడు కాదు. నేను లైను చివర కూర్చుని, తయారైన సరుకును చూసి పంపేదాన్ని. అందరూ పాపక్క అంటారు. ఎవరు చేరారు, ఎవరు పోయారు, ఎవరు బాత్‌రూముకు పోయి ఏడ్చి వచ్చారు, అన్నీ నా బల్ల దగ్గరినుంచే కనిపిస్తాయి. అందుకే లింగప్ప కథ వేరేవాళ్లు చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

లింగప్పది హోసూరు పక్కన అత్తిముగం అనే పల్లె. రాగులు, టమాటాలు పండించే ఇల్లు. బోరు ఎండిపోయిన ఏడాది సేద్యం తమ్ముడికి వదిలి, బండ్లకు వేసే వైరింగ్ కట్టలు తయారుచేసే మా కంపెనీలో హెల్పరుగా చేరాడు. అప్పుడు కంపెనీ అంటే రెండు రేకుల షెడ్లు. కంపెనీ పెరిగింది, లింగప్ప కూడా పెరిగి లైన్ లీడరయ్యాడు. లైను అంటే పొడుగాటి బోర్డుల వరుస. ఒక్కో బోర్డు దగ్గర ఒక్కరు నిలబడి రంగురంగుల తీగలను మేకుల మధ్య పరిచి, టేపు చుట్టి పక్కవాళ్లకు అందిస్తారు. మధ్యలో ఒక్క మనిషి లేకపోయినా లైనంతా నిలబడిపోతుంది. అప్పుడు మేనేజరు వచ్చేది లింగప్ప నెత్తి మీదికే.

మనుషులు కావాలని కంపెనీ అడిగినప్పుడల్లా లింగప్ప ఆదివారం మోపెడ్ ఎక్కి ఊళ్లు తిరిగేవాడు. శూలగిరి చుట్టుపక్కల, మా కృష్ణగిరి వైపు పోచంపల్లి సంతలో, ఎక్కడ ఇంటరు చదివి ఇంట్లో కూర్చున్న పిల్లలు ఉంటే అక్కడికి. "ఆడపిల్లను అంత దూరం ఎట్ల పంపేదప్పా" అని తల్లులు జంకితే, "నేనుండాను కదమ్మా" అనేవాడు. ఆ ఒక్క మాటతోనే సగం లైను నిండింది. ఎవరికైనా జ్వరం వస్తే వాళ్ల రూముకు పోయి చూసి వచ్చేవాడు. రాగిముద్ద, అనపగింజల పులుసు తెచ్చుకుంటే ముందు పక్కవాళ్లకు పెట్టి తర్వాత తాను తినేవాడు.

ఇక మా వైపు ఉద్యోగాలు వదిలే తీరు గురించి చెప్పాలి. పని మానేసేవాళ్లు నెల ముందే నోటీసు రాసిచ్చి, ఆ నెలంతా పనిచేసి పోవాలని రూలు. చేరేటప్పుడు అందరం దాని కింద సంతకం పెట్టినవాళ్లమే. పెళ్లిలో మంత్రాలు ఎవరు విన్నారు గనుక, ఇదీ అంతే. పక్క వీధిలో కొత్త కంపెనీ తెరిచారంటే చాలు, జీతం బ్యాంకులో పడిన మర్నాడు రెండు బోర్డులు ఖాళీ. ఫోను చేస్తే స్విచాఫ్. లింగప్ప బాధపడేవాడే గానీ ఎవరినీ తప్పుగా అనేవాడు కాదు. "వయసు పిల్లోళ్లు పాపక్కా, ఏదో అవసరం ఉంటుంది" అని ఆ బోర్డు దగ్గర తానే నిలబడి తీగలు కట్టేవాడు.

అతన్ని మార్చేసింది సొంత అక్క కొడుకు తిలక్. వాణ్ణి లింగప్పే తెచ్చి చేర్పించాడు, పని నేర్పించాడు, తన ఇంట్లోనే పెట్టుకుని తిండి పెట్టించాడు. తర్వాత వాడు స్నేహితులతో రూము తీసుకున్నాడు. ఒక శనివారం షిఫ్టు అయ్యాక వాడు లింగప్ప ముందుకు వచ్చి నిలబడి, "వస్తాను మామా" అన్నాడు. లింగప్ప వాడి భుజం తట్టి పంపాడు. సోమవారం వాడు రాలేదు. హెచ్.ఆర్.లో ఉండే కావ్యశ్రీ మేడం అడిగితే లింగప్ప ధీమాగా, "వస్తాడు మేడం. వస్తానని నాతో చెప్పే పోయినాడు" అన్నాడు. మంగళవారమూ అదే మాట, బుధవారమూ అదే మాట. గురువారం తిలక్ బాగలూరు రోడ్డులో వేరే కంపెనీ యూనిఫారం వేసుకుని వ్యాను ఎక్కుతుంటే మా వాళ్లే చూసి వచ్చారు.

కావ్యశ్రీ చిన్న వయసు పిల్ల, కృష్ణగిరి అమ్మాయి. మంచిదే గానీ నోరు ఆగదు. మా అందరి ముందూ నవ్వేసి, "లింగప్పన్నా, మన పక్క ఎవరన్నా పోతాను అంటారా? పోయేవాడు కూడా వస్తాననే కదా అనేది!" అంది. లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. నిజమే మరి. హోసూరులో తమిళం వాడు 'వరేన్' అని పోతాడు, కన్నడం వాడు 'బర్తీని' అని పోతాడు, మనం 'వస్తాను' అని పోతాము. మూడు భాషల్లోనూ పోయేవాడు వస్తాననే అంటాడు. పోతాననడం అపశకునం. ఇంత చిన్న సంగతి ఇంత పెద్ద మనిషికి తట్టకపోవడం ఏమిటని మాకు నవ్వు. లింగప్ప మాత్రం నవ్వలేదు.

తర్వాత కొన్నాళ్లకు నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "పాపక్కా, నేనొకటి కనిపెట్టినాను" అన్నాడు.

"ఏమిటన్నా?"

"దినామూ బెల్లు కొడితే వీళ్లు ఏం చేస్తారు? షేర్ ఆటో కోసం పరిగెత్తుతారు. ఎవడన్నా నాతో చెప్పి పోతాడా? పోడు. ఒక్కసారిగా పోయేవాడే ఆ దినం వచ్చి వస్తానన్నా అంటాడు. ఉప్పు తిన్నాడు కదా, చెప్పకుండా పోవడానికి మనసొప్పదు. చెప్పి పోవడానికి ధైర్యం ఉండదు. అందుకని ఆ మాట అనేసి పోతాడు. వస్తానంటే పోయినట్టే లెక్క."

నేను ఆలోచించాను. మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ కొంత నిజమే కొంప ముంచింది.

ఆ నెలలోనే మాదేశ్ అనే కుర్రాడు జీతం పడిన రోజు లింగప్ప దగ్గరికి వచ్చి, "వస్తానన్నా" అన్నాడు. లింగప్ప వెంటనే, వీడు రేపటినుంచి రాడని కావ్యశ్రీకి ఫోను చేశాడు. మర్నాడు నిజంగానే మాదేశ్ రాలేదు. కానీ ముందే తెలిసింది కాబట్టి అతని బోర్డుకు వేరే మనిషిని పెట్టుకున్నారు, లైను ఆగలేదు. మేనేజరు మీటింగులో లింగప్పను నిలబెట్టి, "చూడండి, లీడరంటే ఇట్ల ఉండాలి" అని అందరి చేత చప్పట్లు కొట్టించాడు. మనిషిని తిడితే బాగుపడే అవకాశం ఉంది గానీ, చెడ్డ బుద్ధిని మెచ్చుకుంటే ఇక దానికి మందు లేదు.

అప్పటినుంచి లింగప్ప కళ్లు మారిపోయాయి. ఎవరైనా వారం మధ్యలో గడ్డం గీసుకుని వస్తే ఇంటర్వ్యూకు పోయి వచ్చాడనేవాడు. కొత్త బ్యాగు కొంటే దాని జిప్పు వైపు చూసేవాడు. ఎప్పుడూ గొడవపడే వాడు నాలుగు రోజులు నోరు మూసుకుంటే, వీడికి వేరే చోట కుదిరిందని తేల్చేసేవాడు. ఇద్దరు పిల్లలు మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటే మధ్యలోకి పోయి చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ నిలబడేవాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా?

ఇంట్లోనూ ఇదే వరస. ఆయుధపూజకు కంపెనీకి వచ్చినప్పుడు అతని భార్య అంజనమ్మ నాతో చెప్పుకుంది. ఆమె చెల్లెలికి ఆపరేషనని కృష్ణగిరికి బయలుదేరి గడప దగ్గర "వస్తానయ్యా" అందట. ఆమె బస్సు దిగేలోపల లింగప్ప ఆ చెల్లెలికే రెండుసార్లు ఫోను చేసి, నిజంగా వస్తోందా అని అడిగాడట.

"నేనేమన్నా ఈయన కంపెనీలో హెల్పరునా పాపక్కా, చెప్పకుండా పోయేదానికి?" అంది అంజనమ్మ. "వస్తానంటే తప్పు. పోతానంటే తప్పు. ఏమనవల్లో నువ్వే చెప్పయ్యా, అదే అంటాను అన్నాను. దానికీ నా మొగం అట్లే చూసినాడు, ఈమె ఎందుకు ఇంత వాదిస్తా ఉండాది అని."

మేమిద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అప్పటికి ఇంకా నవ్వుకునే దశలోనే ఉన్నాం.

మా లైనులో భూమిక అని ట్రైనీ పిల్ల ఉండేది. పోచంపల్లి దగ్గర పల్లె. తండ్రి ముత్తప్ప గొర్రెలు మేపుతాడు. ఆ పిల్లనూ లింగప్పే సంతలో తండ్రితో మాట్లాడి తెచ్చాడు. చేతిలో ఎంత వేగమంటే, పక్క బోర్డువాళ్లు సగం చేసేలోపు తనది కట్టి ఊరికే నిలబడి ఉండేది. ఆమె కట్టిన కట్టను నేను తిప్పి పంపిన గుర్తు లేదు. ఆ పిల్లకు ఒకటే ఆశ, పర్మనెంట్ కావడం. "పర్మనెంట్ అయితే మా నాయన్ని ఈడికే పిల్చుకొస్తాను పాపక్కా. మోకాలు నొప్పితో గుట్టలెక్కుతా ఉండాడు, ఇంగ చాలు" అనేది. ఆ ఏడాది లైనుకు ఒక్క పర్మనెంట్ సీటు ఇస్తామన్నారు. సోమవారం ఉదయం పరీక్ష. మా లైను నుంచి భూమిక పేరు రాసి ఇచ్చింది లింగప్పే. అంతవరకు అతని బుద్ధి బాగానే పనిచేసింది.

పేరు ఇచ్చిన మర్నాటినుంచి భయం పట్టుకుంది. సీటు ఇప్పించాక ఈ పిల్ల గోడ దూకితే? మేనేజరు ముందు తల ఎక్కడ పెట్టుకోవాలి? ఇక భూమిక వెంట పడ్డాడు. ఆ పిల్ల తన సర్టిఫికెట్ల జిరాక్సులు కావాలని హెచ్.ఆర్.కు పోయింది. పరీక్షకే కదా అడుగుతారు! లింగప్పకు అది వేరే కంపెనీ కోసం. ఏప్రాన్ ఉతకడానికి ఇంటికి తీసుకుపోయింది. లింగప్పకు అది సామాను సర్దుకోవడం. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"పాపక్కా, భూమిక నీ టిఫిన్ డబ్బా ఎందుకు తిరిగిచ్చేసింది?"

"నాది కాబట్టి."

"ఇన్ని దినాలు ఇవ్వలేదు కదా, ఇప్పుడే ఎందుకు?"

"నేను అడిగినాను కాబట్టి! డబ్బా తిరిగిస్తే కూడా తప్పేనా అన్నా?"

గడ్డం గోక్కుంటూ పోయాడు. పోతూ పోతూ నా డబ్బా వైపు మళ్లీ ఒకసారి చూశాడు.

శనివారం బెల్లు కొట్టారు. అందరూ గేటు వైపు పరిగెత్తారు. భూమిక మాత్రం చేతులు కడుక్కుని, చున్నీ సరిచేసుకుని లింగప్ప ముందుకు వచ్చి నిలబడింది.

"వస్తానన్నా" అంది.

లింగప్ప ముఖం నేను చూశాను. పాలు విరిగినట్టు విరిగిపోయింది.

"యాడికి?"

"ఊరికన్నా. అమ్మా నాయన్ను చూసి వస్తాను."

"సోమవారం వస్తావా?"

"అయ్యో, పరీక్ష కదన్నా! తప్పకుండా వస్తాను."

మూడుసార్లు అనేసింది పాపం. ఆ పిల్ల గేటు దాటిందో లేదో లింగప్ప ఫోను తీశాడు. నేను బల్ల దగ్గరినుంచి లేచి పోయి, "వద్దన్నా, అది బంగారం లాంటి పిల్ల, పరీక్షకు వస్తుంది" అన్నాను. "నీకు తెలీదు పాపక్కా, తిలక్ కూడా బంగారమే" అంటూ కావ్యశ్రీకి చెప్పేశాడు, భూమిక ఇక రాదు, సీటు వేరే ఎవరికన్నా ఇచ్చుకోండి అని. అతని మాట తప్పదని అప్పటికే పేరు పడింది కదా, ఆమె ఇంకో మాట అడగలేదు.

సోమవారం భూమిక అందరికంటే ముందే వచ్చింది. తలకు నూనె పెట్టి బిగించి జడ వేసుకుంది, ఉతికి ఇస్త్రీ చేసిన ఏప్రాన్, నుదుట కుంకుమ. ట్రైనింగు రూము తలుపు దగ్గర పేర్లు చదివారు. మా లైను వంతుకు పక్క లైను పిల్ల పేరు పిలిచారు. భూమిక చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత కావ్యశ్రీ దగ్గరికి పోయింది. కావ్యశ్రీ లింగప్పను పిలిపించింది. నేను సరుకు రిపోర్టు ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"లింగప్పన్నా, ఈ అమ్మాయి రాదని చెప్పినారు?"

లింగప్ప భూమికను చూసి దయ్యాన్ని చూసినట్టు అయిపోయాడు. "రాదనుకున్నాను మేడం."

"వస్తానని మీతో చెప్పలేదా?"

"చెప్పింది మేడం. చెప్పింది కాబట్టే."

కావ్యశ్రీ ఫైలు తెరిచి చూసింది. పేర్లు చెన్నై ఆఫీసుకు పోయాయి, లోపల పరీక్ష మొదలైంది, ఇక మార్చడం తన చేతిలో లేదంది. మళ్లీ సీట్లు ఎప్పుడు వస్తాయో తెలియదంది.

భూమిక ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లింగప్ప వైపు తిరిగి, "పరీక్షకు పోయే ముందర పెద్దోళ్లకు చెప్పి పోవల్లని మాయమ్మ చెప్పిందన్నా" అంది. "ఈ ఊర్లో నాకు పెద్దోడివంటే నువ్వే కదా. అందుకని చెప్పినాను."

ఆ పిల్ల ఆ ఇస్త్రీ ఏప్రాన్‌తోనే వచ్చి తన బోర్డు దగ్గర నిలబడి సాయంత్రం దాకా తీగలు కట్టింది. ఆ రోజు లింగప్ప టీ తెచ్చి ఇవ్వబోతే, నేను తీసుకోలేదు.

మర్నాడు భూమిక ఉద్యోగం మానేస్తున్నానని రాసిచ్చింది. కావ్యశ్రీకి జాలి వేసింది. "నువ్వు ఇంకా ట్రైనీవి, సంతకం పెట్టినా ట్రైనీలను ఆ నోటీసు రూలుతో పట్టుకోరమ్మా. రేపటినుంచి రాకపోయినా ఎవరూ అడగరు" అంది. "లేదు మేడం, నెల పని చేసే పోతాను. దొంగ మాదిరి పోను" అంది భూమిక.

మా కంపెనీలో నేను చేరినప్పటినుంచి మా లైనులో నోటీసు ఇచ్చి, ఆ నెల పూర్తిగా పనిచేసినవాళ్లను చూడలేదు. ఈ పిల్ల చేసింది. కానీ లింగప్పను చూడాలి మీరు! చేసిన తప్పుకు కుమిలిపోతూనే ఉన్నాడు, అనుమానపడుతూనే ఉన్నాడు. "రేపు రాదు చూడు పాపక్కా" అనేవాడు పొద్దుగూకగానే. తెల్లారి గేటు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి వచ్చే ప్రతి షేర్ ఆటోనూ చూసేవాడు. భూమిక దిగేది. అతన్ని చూసి తలొంచుకుని లోపలికి పోయేది. మా పిల్లలు కూడా మారిపోయారు. బెల్లు కొడితే లింగప్ప నిలబడిన వైపు కాకుండా చుట్టూ తిరిగి స్టోరు పక్కనుంచి పోవడం మొదలుపెట్టారు. ఎవరికీ అతని కంట పడాలని లేదు. జ్వరం వచ్చినా అతనికి ఫోను చేయడం మానేసి నాకు చేసేవాళ్లు.

తన బోర్డుకు వచ్చిన కొత్త పిల్లకు భూమిక వేళ్లు పట్టుకుని పని నేర్పింది. టేపు ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదులు పెట్టాలి, ఏదీ దాచుకోలేదు. లింగప్ప అది కూడా దూరం నుంచి చూసి, ఇంత మనసుపెట్టి నేర్పిస్తోందంటే ఇందులో ఏముందో అన్నాడు నాతో. అప్పుడు మాత్రం నాకు కోపం ఆగలేదు. "ఇందులో మర్యాద ఉందన్నా. నీకు అగపడదులే" అన్నాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి, లేకపోతే అన్యాయం. అంజనమ్మ ఇంట్లో గట్టిగా చీవాట్లు పెట్టిందో, తనకే తోచిందో, లింగప్ప మేనేజరు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. కావాలంటే తన లీడరు పని తీసేయమన్నాడు. మేనేజరు చెన్నైకి రెండు మూడుసార్లు మాట్లాడి, వచ్చే జాబితాలో మొదటి పేరు భూమికదే అని కాగితం మీద రాయించి ఇచ్చాడు.

భూమిక నెల ముగిసిన చివరి రోజున లింగప్ప ఆ కాగితం పట్టుకుని ఆమె బోర్డు దగ్గరికి పోయాడు. అంత మంది ముందు, అంత పొడుగు మనిషి, తల వంచి మాట్లాడాడు.

"తప్పు చేసినానమ్మా. నన్ను నాలుగు తిట్టు. కానీ పోవద్దు. రాసిచ్చింది వెనక్కి తీసుకో. మీ నాయన్ను ఈడికి తెస్తానంటివి కదా."

భూమిక కాగితం చదివింది, మడిచి అతని చేతికే ఇచ్చింది.

"కోపం ఉండాది అన్నా. లేదంటే అబద్ధం" అంది. "కానీ కోపంతో పోతా లేను. నేనీడే ఉంటే, ఒక దినం నాకు తలనొప్పొచ్చి రాకుంటే నువ్వు మేడంకు ఫోన్ చేస్తావు. నేను నవ్వితే ఒక మాటంటావు, నవ్వకుంటే ఒకటంటావు. నీ కంటి ముందర దొంగ మాదిరి ఎన్ని దినాలుండేదన్నా? పోవల్లని నాకెప్పుడూ తోచలేదు. నువ్వే తోపించినావు."

మెడలోని కంపెనీ గుర్తింపు కార్డు తీసి కావ్యశ్రీకి ఇచ్చి, నా చేయి ఒకసారి పట్టుకుని పోయింది. లింగప్ప ఆ బోర్డు దగ్గరే నిలబడ్డాడు. కొత్త పిల్ల పని చేసుకోలేక పక్కకు జరిగింది. కాసేపటికి అతను నా బల్ల దగ్గరికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఓదార్పుగా ఏదైనా చెబుదామని నేను నోరు తెరిచాను. ఈలోగా అతనే అడిగాడు.

"ఏ కంపెనీకి పోతా ఉండాదో నీతో చెప్పిందా పాపక్కా?"

"ఏ కంపెనీ లేదన్నా. ఊరికి పోయింది, గొర్రెల వెంట. ముత్తప్పకు మోకాలు పూర్తిగా పోయింది."

లింగప్ప నా ముఖంలోకి చూశాడు. నా మాట నిజమో కాదో వెతుకుతున్నాడని తెలిసిపోయింది. చాలాసేపు వెతికి, మెల్లగా, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగాడు.

"నువ్వెప్పుడు పోతావు పాపక్కా?"

అంతవరకు నాకు ఆ ఆలోచనే లేదు.